పసిగాజు

సముద్రం పాత ఊరి నడుము దాకా వచ్చేశాక, కొత్త కాకినాడ జనం తమ ఇళ్ళను ఇనుపకాళ్ళ మీద నిలబెట్టుకున్నారు. ముప్ఫై నలభై అంతస్తుల మేడలు నీళ్ళలో కొంగల్లా నిలబడి ఉంటాయి. ఇళ్ళకు కాళ్ళొచ్చాయి కానీ, ఆ ఇళ్ళలో ఆడవాళ్ళకు కాళ్ళు చాపుకునే వీలు మాత్రం రాలేదు.

2081లో ఒక మామూలు సోమవారం పొద్దున్న వకుళ తన వంటింట్లో నిలబడి ఉంది. పని చెయ్యడం లేదు. పని చెయ్యడానికి యంత్రాలున్నాయి. ఆవిడ జవాబులు చెబుతోంది.

"అమ్మగారూ, దోసె పలచగానా, దళసరిగానా?" అంది పెనం.

"అమ్మగారూ, అయ్యగారికి నీలం చొక్కానా, తెల్లదా?" అంది బీరువా.

"అమ్మగారూ, పాలు ఈ పూటతో సరి. తెప్పించనా, సరిపెట్టుకుంటారా?" అంది ఫ్రిజ్.

"అమ్మగారూ, మంచం కింద అయ్యగారి చెప్పు ఒకటే ఉంది. రెండోది వెతకనా, దీన్ని కూడా ఊడ్చెయ్యనా?" అంది చీపురుయంత్రం.

వందేళ్ళ విజ్ఞానం సాధించింది ఇదీ. పనంతా యంత్రాలు పంచుకున్నాయి. ఏ యంత్రానికీ సొంత బుర్ర పెట్టించడం గిట్టుబాటు కాక, అన్నిటికీ కలిపి ఇంటావిడ బుర్రే తగిలించారు. రోలు పోయింది, రోకలి పోయింది, రొద మాత్రం మిగిలింది.

"వకుళా, నా కళ్ళజోడు ఎక్కడే?" అని పడక్కుర్చీలోంచి కేక వినిపించింది. అది యంత్రం కాదు, మొగుడు. పేరు త్రయంబకరావు. నగర స్వస్థతా మండలికి అధ్యక్షుడు. త్రయంబకుడంటే మూడు కళ్ళవాడు. ఈయనకు కళ్ళజోడుతో కలిపి నాలుగు. అయినా పెళ్ళాం పొద్దున్నుంచీ నిలబడే ఉందన్న సంగతి ఒక్క కంటికీ ఆనలేదు.

"మీ ముక్కు మీదుందండీ."

"ముక్కు మీదా? ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

వకుళ చేతికున్న గాజు అప్పుడే ఎర్రగా వెలిగింది. అందులోంచి ఒక తియ్యటి గొంతు పలికింది. "వకుళ గారూ, నేను ఊరటను. మీ ఒత్తిడి హద్దు దాటింది. దీర్ఘంగా ఊపిరి పీల్చండి. మీ ఆత్మీయులిద్దరికి కబురు పంపాను."

వకుళ దీర్ఘంగా పీల్చింది. ఊపిరితో పాటు మాడిన పోపు వాసన కూడా లోపలికెళ్ళింది. పోపు మాడిన సంగతి చెప్పడానికి పెనం ఆవిడ అనుమతి కోసం చూస్తోంది. కాసేపటికి ఆత్మీయులిద్దరూ, అంటే పెద్దాడపడుచూ చిన్నాడపడుచూ, పరామర్శకు దిగారు. పరామర్శకు కాఫీ కావాలి. కాఫీకి డికాక్షను కావాలి. "ఎందుకొదినా అంత టెన్షను? నువ్వు లోపలే పెట్టుకుంటావు, అదే నీ జబ్బు" అంటూ వాళ్ళు మధ్యాహ్నం దాకా ఆవిడ ఒత్తిడి తగ్గించారు. గాజు దానిమ్మగింజలా మండుతూనే ఉంది.

సాయంత్రం వకుళ లిఫ్టులో కిందికి వెళ్ళింది. లిఫ్టులో ఇంకో ఏడెనిమిది మంది ఆడవాళ్ళున్నారు, అందరి చేతులకూ గాజులున్నాయి. ఏం మాట్లాడుకున్నారో ఏమో, తిరిగి పైకి వచ్చేసరికి ఆవిడ మొహం తేటపడింది. ఆ మర్నాటి నుంచి వకుళ గాజు పచ్చగా, లేత అరిటాకులా వెలగడం మొదలుపెట్టింది.

*

ఆ గాజును కనిపెట్టింది డాక్టర్ సువర్చల.

స్ట్రెస్ అనే మాటకు ఒత్తిడి అని తెలుగు చేసినాయన ఎవరో కానీ తెలిసినవాడే. ఒత్తులు లేకుండా తెలుగు రాత నడవదు, ఒత్తిడి లేకుండా తెలుగిల్లు నడవదు. రెండూ కిందే ఉంటాయి. పైనున్న అక్షరానికి తనకింద ఎవరు వేలాడుతున్నారో పట్టదు.

సువర్చలకు ఆ సంగతి పుస్తకాల్లో తెలియలేదు, అక్క భ్రమర దగ్గర తెలిసింది. భ్రమర ఎప్పుడు పలకరించినా ఒకటే జవాబు. "నాకేమే చిన్నీ, బానే ఉన్నాను." తల తిరిగినా బానే ఉంది, నిద్ర పట్టకపోయినా బానే ఉంది. ఒకనాడు కూరకు ఉప్పేస్తూ వంటింట్లో కూలిపోయింది. ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచి, కుడిచెయ్యి కదలక, మూతి పక్కకు పోయి, మొదట అన్న మాట కూడా అదే: "బానే ఉన్నాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశానేమో చూడు." మెదడులో నరం చిట్లిందనీ, రక్తపోటు ఇలాగే ఉంటే రెండోసారి రావచ్చనీ, అప్పుడు మాట కూడా పోతుందనీ వైద్యులు చెప్పారు. చెయ్యి పడిపోయినా ఇంట్లో యంత్రాలు ఆవిణ్ణి అడగడం మానలేదు. జవాబు చెప్పడానికి చెయ్యెందుకు?

నోరు బానే ఉన్నానంటుంది, నాడి అనదు కదా అనుకుంది సువర్చల. ఏళ్ళ తరబడి పనిచేసి గాజు తయారుచేసింది. అది రబ్బరులా సాగుతుంది, అద్దంలా మెరుస్తుంది. దాని లోపల ఇంగ్లీషులో సెన్సర్లనే పసిగట్టుడు గింజలుంటాయి. చెమటలో కార్టిసాల్ అనే ఒత్తిడిరసం ఎంతుందో, గుండె లయ ఎక్కడ తప్పుతోందో, కండరాలు ఎంత బిగుసుకున్నాయో అవి పసిగడతాయి. అందుకని దానికి పసిగాజు అని పేరు పెట్టింది. గాజులు పంపే కబుర్లన్నీ ఊరట అనే మహాయంత్రానికి చేరతాయి. ఏ గాజు ఎవరి ఒంటి మీద, ఎక్కడ ఉందో ఊరట బయటికి చెప్పకూడదని సువర్చల గట్టి నియమం పెట్టింది. అత్తలకూ మొగుళ్ళకూ చాడీలు చెప్పే గాజైతే ఏ ఆడదీ తొడుక్కోదని ఆమె భయం.

ఆ గాజు మీద ఆధారపడి ఒక చట్టం రావాల్సి ఉంది. దాని పేరు విశ్రాంతి గంట. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఏ యంత్రమూ, ఏ మనిషీ ఏ ఆడమనిషినీ ఏమీ అడగకూడదు. అంతే చట్టం. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ గాజులిచ్చి చేసే పరీక్షలో వాళ్ళ ఒత్తిడి నిజమని తేలితే మండలి దాన్ని ఆమోదిస్తుంది. కొట్టేస్తే మళ్ళీ ఐదేళ్ళ దాకా ఎత్తకూడదు. ఐదేళ్ళు భ్రమర తట్టుకోలేదని సువర్చలకు తెలుసు.

పరీక్ష మొదలైన మొదటి వారం ఊరంతా ఎర్రదీపాలే. రెండో వారం నుంచి పచ్చ. మూడు నెలలయ్యాక కూడా పచ్చే.

"మేడమ్, మన ఊరి ఆడాళ్ళందరూ మునులైపోయారండి" అన్నాడు బోసుబాబు. సువర్చల దగ్గర పనిచేసే శాస్త్రవేత్త. తెలివైనవాడే, కాకపోతే టీలో పంచదార ఎంతో కూడా ఆమెనే అడుగుతాడు. "తపస్సు చేసేవాళ్ళక్కూడా ఇంత పచ్చ రాదండి. ఇప్పుడేం చేద్దామంటారు?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"అదేనండి, మీరు చెబితే అనుకుందామని."

అప్పుడే త్రయంబకరావు ఫోను చేశాడు. "సువర్చల గారూ, అభినందనలండీ బాబూ! ఆడవాళ్ళకి ఒత్తిడి లేదని గొప్పగా నిరూపించారు! లేని రోగానికి చట్టమెందుకు చెప్పండి? ఎల్లుండి సభలో పక్కన పెట్టేద్దాం. అన్నట్టు మా వకుళకి పరీక్ష మొత్తానికి మొదటి ర్యాంకటండీ! ఇంట్లో వాతావరణం అలాంటిది. ఈమధ్య నాక్కూడా చాలా ప్రశాంతంగా ఉంటోంది లెండి."

సువర్చల ఫోను పెట్టేసి ఊరట వైపు తిరిగింది. "ఊరటా, ఈ పచ్చ నిజమేనా?"

"కొలతలు నూటికి నూరుపాళ్ళు నిజం, డాక్టరు గారూ."

"గాజులు ఆడవాళ్ళ చేతులకే ఉన్నాయా?"

"ఎవరి ఒంటి మీద ఉన్నాయో చెప్పడానికి మీ నియమం ఒప్పుకోదు. నేను ఒత్తిడి కొలుస్తాను, ఒళ్ళు కొలవను."

తాను తవ్విన గోతిలో తానే పడ్డట్టయింది ఆవిడకు. కాసేపు తెర మీద పచ్చగీతలు చూస్తూ కూర్చుంది. వాటిలో ఒక గీత దగ్గర ఆగింది. ఆ గాజు పాతికో అంతస్తులోని నూకరత్నానిది. కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి. గుండె చాలా నిదానంగా, గోడగడియారంలా కొట్టుకుంటోంది.

"ఊరటా, ఈవిడ రోజంతా ఏం చేస్తున్నారు?"

"కదలికలు మాత్రం చెప్పగలను. ఈవిడ పొద్దున్నా, మధ్యాహ్నం, రాత్రీ నములుతూనే ఉన్నారు. మింగినదాన్ని మళ్ళీ పైకి తెచ్చుకుని నములుతున్నారు."

బోసుబాబు టీకప్పు కింద పెట్టాడు. "మేడమ్... లెక్కల లెక్చరర్లు అలా కూడా చేస్తారంటారా?"

*

నూకరత్నం ఉండే మేడ పైకప్పు మీద గేదెల పాక ఉంది. పాలపొడి మీద విసుగెత్తిన ఊరికి మేడ మీద పాడి అప్పట్లో కొత్త మోజు. నూకరత్నానికి ఉన్నది ఒకటే గేదె, పేరు రాజ్యం. సముద్రం మీంచి వీచే గాలికి సగం కళ్ళు మూసుకుని అది నెమరు వేస్తోంది. దాని ఎడమచెవికి పసిగాజు, పచ్చగా, కొలువులో రాణిగారి దిద్దులా వెలుగుతోంది.

"వచ్చేశారా మేడమ్" అంది నూకరత్నం, పట్టుబడ్డ దొంగలా కాకుండా, పిలిచిన పేరంటానికి మనిషి వచ్చినట్టు. "కూర్చోండి. గాజు పోగొట్టలేదండోయ్, భద్రంగానే ఉంచాను."

"గేదె చెవికా!"

"మరేం చెయ్యమంటారండి? చేతికుంటే ఎర్రబడుతుంది. ఎర్రబడితే ఆ పిల్ల ఊపిరి పీల్చమంటుంది. పీలుస్తూనే ఉన్నానమ్మా, పీల్చకపోతే బతికుంటానా? ఆపైన చుట్టాలకి కబురెడుతుంది. వాళ్ళొస్తారు. వాళ్ళకి టిఫిన్లు. పరీక్ష పేపర్లు దిద్దాలా, పకోడీలు వెయ్యాలా? ఒకరోజైతే ఊపిరి పీల్చండి, ఊపిరి పీల్చండి అని నలభైసార్లు చెప్పిందండి. అప్పుడు మా రాజ్యాన్ని చూశాను. ఈ ఇంట్లో ఊపిరి తీరిగ్గా పీల్చేది ఇదొక్కటే అనిపించింది."

"మిగతావాళ్ళు?"

"నేనే లిఫ్టులో చెప్పానండి. ఇంట్లో ఎవరు ప్రశాంతంగా ఉంటే వాళ్ళకి కట్టెయ్యండర్రా అని. అందరిళ్ళలో గేదెలు లేవు కదా! దానికి దగ్గరగా ఉన్నవాళ్ళని చూసుకున్నారు." నూకరత్నం నవ్వాపుకుంది. "ఒకావిడ మామగారి కాలికి కట్టిందండి, కీళ్ళనొప్పుల పట్టీ అని. ఇంకొకావిడ మొగుడి నడుముకి, మొలతాడు పక్కన. ఆయనకి ఇప్పటిదాకా తెలీదు. పైగా మేడమ్, ఏమనుకోకపోతే ఒక మాట. ఒంటిగాజు ఎవరైనా ఇస్తారటండీ? గాజంటే జత ఉండాలి కదా! మొదటిరోజే మాకందరికీ అది కిట్టలేదు."

సువర్చల నవ్వింది. నవ్వుతూనే పాక గట్టు మీద కూలబడింది. నవ్వు ఆగిపోయింది. "రత్నంగారూ, ఎల్లుండి మీ గాజుల్నే చూపించి విశ్రాంతి గంట చట్టాన్ని కొట్టేస్తున్నారు. కొలతలు తప్పని నేనంటే పరీక్షే రద్దవుతుంది. ఒప్పంటే ఆడవాళ్ళకి ఒత్తిడే లేదని రుజువవుతుంది. ఎటు తిరిగినా గోడే." ఆగి, అక్క సంగతి చెప్పింది.

నూకరత్నం గేదె ముందుకు ఇంత గడ్డి తోసింది. గేదె మాత్రం నెమరు వేస్తూనే ఉంది. "మా లెక్కల్లో తప్పు జవాబని ఉండదండి" అంది. "వేరే ప్రశ్నకి సరైన జవాబు అయ్యుంటుంది. పిల్లలు ఎప్పుడూ అదే చేస్తారు."

సువర్చల తలెత్తి గేదెను చూసింది. చెవికున్న గాజును చూసింది. దాని పచ్చదనాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"ఇంకోసారి లిఫ్టు ఎక్కుతారా?" అంది మెల్లగా. "సభకి రమ్మనండి. గాజు ఎక్కడుందో చెప్పమని ఊరటకి ఎవరి అనుమతి వాళ్ళిచ్చుకోవాలి. బలవంతం లేదు. ఇంటి పరువు మాటకదా, రాకపోయినా తప్పనను."

"చెబుతాను. నోరు విప్పుతారో లేదో మాత్రం నాకూ తెలీదండి. మొగుడి మీద లిఫ్టులో మాట్లాడటం వేరు, సభలో మాట్లాడటం వేరు."

*

సభకు ఆడవాళ్ళు వచ్చారు. చాలామందే వచ్చారు. వచ్చి, బొమ్మలకొలువులో బొమ్మల్లా కూర్చున్నారు. మూడో వరసలో వకుళ, ఒళ్ళో చేతిసంచి.

త్రయంబకరావు లేచి గొంతు సవరించుకున్నాడు. ఊళ్ళో విజ్ఞానదృక్పథం మీద ఉపన్యాసమంటే ఆయనదే. "మనం సెంటిమెంటుని కాదు, సైన్సుని నమ్ముదాం. కొలత ఏం చెబుతోంది? ఆడవాళ్ళు హాయిగా ఉన్నారని చెబుతోంది. మా ఇంట్లోనే చూడండి. మా ఆవిడకి పొద్దున్నుంచీ చేసే పనేముంటుంది చెప్పండి? అన్నీ యంత్రాలే చేస్తాయి. అందుకే మొదటి ర్యాంకు!" అంటూ కుడి జబ్బ గోక్కున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. 

సువర్చల లేచింది. "అధ్యక్షా, మీరన్నది అక్షరాలా నిజం. కొలత తప్పు చెప్పదు. అయితే ఏ చేతిని కొలిచిందో కూడా దాన్నే అడుగుదాం. ఊరటా, మొదటి ర్యాంకు వచ్చిన గాజు ఇప్పుడెక్కడుంది?"

"యజమానురాలి అనుమతి కావాలి, డాక్టరు గారూ."

సువర్చల మూడో వరస వైపు చూడలేదు. చూస్తే బలవంతం చేసినట్టవుతుందని బల్ల వైపే చూస్తూ నిలబడింది. త్రయంబకరావు చిరునవ్వుతో సుత్తి అందుకున్నాడు.

అప్పుడు వకుళ చేతిసంచిలో ఉన్న ఫోనులోంచి ఫ్రిజ్ గొంతు చిన్నగా వినిపించింది. "అమ్మగారూ, మధ్యాహ్నానికి పప్పా, పులుసా? వంకాయలు వాడిపోతున్నాయి. అయ్యగారికి వంకాయ పడదు. పారెయ్యనా, పక్కింటికివ్వనా? అమ్మగారూ?"

వకుళ సంచి నోరు నొక్కింది. నొక్కి, లేచి నిలబడింది.

"చెప్పెయ్యి ఊరటా. నా గాజు సంగతి నేనే చెప్పమంటున్నాను."

"అధ్యక్షులవారి కుడి జబ్బ మీద ఉంది. ఎర్రగుడ్డలో చుట్టి, నల్లతాడుతో కట్టి ఉంది."

"అది తాయెత్తు!" అని అరిచాడు త్రయంబకరావు. అరిచాక నాలిక కరుచుకున్నాడు. విజ్ఞానదృక్పథం విన్న జనమంతా ఆయన జబ్బ వైపు దృక్కులు సారించారు.

"ఏలినాటి శని అని కట్టావు కదే నాకు!"

"శనికే కట్టానండి. నాకు పట్టినదానికి" అంది వకుళ. "మూణ్ణెల్లుగా మీ ప్రశాంతత నా పేరు మీద చలామణీ అవుతోందండి. మొదటి ర్యాంకు మీది. మొదటివారం వచ్చిన ఎర్రమార్కులు ఉన్నాయి చూశారూ, అవి నావి."

"మరైతే నాకు ఒత్తిడి లేనట్టేగా!" అన్నాడాయన, మునుగుతూ దొరికిన కొయ్య పట్టుకున్నట్టు.

"అయ్యో, ఇంతసేపూ మేం చెబుతున్నది అదేకదండీ!"

నవ్వుతో సభ కప్పు ఎగిరిపోయింది. వెనక వరసలో ఇంకొకావిడ లేచింది. "నాదీ చెప్పు ఊరటా." "మామగారి ఎడమ కాలికి." "నాది?" "మీవారి నడుముకి." నాలుగు వరసల అవతల ఒక పెద్దమనిషి చటుక్కున నడుము పట్టుకున్నాడు. అక్కడినుంచి గాజుల గలగల ఆగలేదు. వేదిక మీద సభ్యులు ఒకరి తర్వాత ఒకరు తమ చొక్కా చేతులు తడుముకున్నారు. ఇద్దరికి ఏదో తగిలింది కూడా. నూకరత్నం లేచి, "నాది మా గేదె చెవికుందండి. సాక్ష్యానికి తెద్దామంటే లిఫ్టులో పట్టలేదు" అంది.

సువర్చల గొంతు పెంచింది. "ఈ పరీక్ష ఓడిపోలేదండి. ఎర్రది ఆడవాళ్ళది, పచ్చది వాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళది. ఒకటే ఇల్లు, ఒకటే కప్పు, ఒకటే పొద్దు. ఆ ఇంట్లో విశ్రాంతి లేక కాదు, దండిగా ఉంది. ఎవరి దగ్గరుందో గాజు పట్టిచ్చింది. లేనిదాన్ని మేం అడగడం లేదు. ఉన్నదాంట్లో ఒక్క గంట పంచమంటున్నాం."

త్రయంబకరావు కుర్చీలో కూర్చున్నాడు. పెళ్ళాం వైపు, ఈసారి నాలుగు కళ్ళతోనూ, చూశాడు. ఆవిడ ఇంకా నిలబడే ఉంది.

"ఎన్నాళ్ళనుంచే?" అన్నాడు, మైకు ఉందని మర్చిపోయి.

"పెళ్ళయినప్పట్నుంచండి."

ఆయన ఇంకేమీ అడగలేదు. ఓటుకు వచ్చినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తాడు. తాయెత్తున్న చెయ్యే ఎత్తాడు. చట్టం నెగ్గింది. ఆడవాళ్ళు ఒకరినొకరు కావలించుకుని వేసిన కేకలకు రేవులో ఓడలవాళ్ళు తుఫాను హెచ్చరికేమో అనుకుని లంగర్లు దింపారు.

*

నూకరత్నం మాట సువర్చల మర్చిపోలేదు. ఈసారి గాజులు జతగా ఇచ్చింది. ఒకటి ఇంటావిడకు, రెండోది ఆ ఇంట్లో అందరికంటే పచ్చగా ఉన్న మనిషికి. దీని తాళం చెవి మండలి దగ్గరే ఉంటుంది కనక ఊడదీయడం కుదరదు. మధ్యాహ్నం రెండింటికి రేవులో కూత వినపడగానే యంత్రాల ప్రశ్నలన్నీ రెండో గాజు వైపు మళ్ళుతాయి.

కూత వినపడింది. కొత్త కాకినాడలో నలభై అంతస్తుల ఆడవాళ్ళు ఒక్కసారి నడుం వాల్చారు. ఆ నిశ్శబ్దానికి సముద్రం చప్పుడు ఇళ్ళలోకి వినపడింది. అది ఇన్నాళ్ళూ అక్కడే ఉందని చాలామందికి అప్పుడే గుర్తొచ్చింది.

సువర్చల అక్క ఇంటికి వెళ్ళింది. భ్రమర మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఏమీ అడగకూడదు కనక సువర్చల ఏమీ అడగకుండా పక్కన కూర్చుంది. చాలాసేపటికి భ్రమర ఇటు తిరిగింది.

"ఏం బానే లేనే చిన్నీ" అంది. "మొదట్నుంచీ బానే లేను." 

ఆ మాట అన్నాక ఆవిడ కళ్ళు మూసుకుంది. కాసేపటికి గురక మొదలైంది. పనిచెయ్యని కుడిచేతికున్న గాజు మెల్లగా, ఎరుపులోంచి పసుపుకు, పసుపులోంచి పచ్చకు తిరిగింది. సువర్చల ఆ పచ్చని చూస్తూ, ఎవరూ చూడటం లేదు కదా అని, కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత అక్క పక్కనే ఒరిగి తానూ నిద్రపోయింది.

ఆ గంటలోనే త్రయంబకరావు గాజు ఎర్రబడింది.

"అయ్యగారూ, వంకాయలు పారెయ్యనా? అయ్యగారూ, దుప్పట్లు వేణ్ణీళ్ళలోనా, చన్నీళ్ళలోనా? అయ్యగారూ, రేపు మీ చెల్లెలి పుట్టినరోజు, చీరా, స్వీటా?"

"ఎవరే మీరంతా!" అన్నాడాయన. ఇన్నాళ్ళూ తన ఇంట్లో ఇంతమంది ఉన్నారని ఆయనకు తెలియదు.

"త్రయంబకరావు గారూ, మీ ఒత్తిడి హద్దు దాటింది. దీర్ఘంగా ఊపిరి పీల్చండి" అంది ఊరట. "మీ ఆత్మీయులిద్దరికి..."

"వద్దు తల్లీ!" అని ఆయన లిఫ్టు వైపు పరిగెత్తాడు. తాళం చెవి ఆయన మండలిదే. మెల్లగా గాజు ఊడదీసుకుని నూకరత్నం మేడ పైకప్పు చేరేసరికి అక్కడ పాక ముందు బారుగా మగవాళ్ళు నిలబడి ఉన్నారు. తాళం చెవి దొంగతనంగా నకలు తీయించినవాళ్ళు కొందరు, రంపం తెచ్చుకున్నవాళ్ళు కొందరు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. అందరి చేతుల్లోనూ ఎర్రగాజులు. రాజ్యం రెండు చెవులూ నిండిపోయాయి, కొమ్ములు నిండిపోయాయి, తోకకు కూడా ముగ్గురు తగిలించారు.

అక్కడ ప్రయోగశాలలో బోసుబాబు కూర్చున్న తెర మీద అన్నిటికంటే పెద్ద ఎర్రదీపం వెలిగింది.

"బోసుబాబు గారూ, ఒక చిక్కొచ్చింది" అంది ఊరట. "నూకరత్నం గారి మేడ మీద ఒక ప్రాణికి ఒత్తిడి హద్దు దాటింది. నెమరు ఆపేసింది. ఆడది. ఈ గంటలో ఆడవాళ్ళను ఏమీ అడగకూడదు. ఊపిరి పీల్చమని సలహా ఇవ్వవచ్చా?"

బోసుబాబు అలవాటుగా ఫోను తీసి సువర్చల పేరు మీద వేలు పెట్టాడు. గోడగడియారం చూశాడు. రెండున్నర. వేలు తీసేశాడు. తల గోక్కున్నాడు. లేచి అటూ ఇటూ తిరిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ అడక్కుండా ఒక నిర్ణయం తీసుకోవడం అతనికి ఇదే మొదలు. నుదుటి మీద చెమట పట్టింది.

"సలహా ఇవ్వకు ఊరటా" అన్నాడు. "బరువు దింపించు. ఎవరి గాజు వాళ్ళ చేతికి. ఒక్కటి కూడా దాని మీద ఉండకూడదు."

మూడింటికి కూత వినపడింది. సువర్చల, నిద్రకళ్ళతో, జుట్టు చెదిరి, పదేళ్ళు చిన్నదైనట్టు ప్రయోగశాలలోకి వచ్చింది. వకుళ గాజు మళ్ళీ మొదటి ర్యాంకులో ఉండటం తెర మీద చూసింది. ఈసారి అది సొంత చేత్తో తెచ్చుకున్నదే. పక్కనే బోసుబాబు ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికంటుకుంది, మణికట్టు మీద జతగాజులో రెండోది నిప్పుకణికలా మండుతోంది.

"ఏం బోసూ, ఈ గంటలో ఏమైనా అయిందా? ఎలా ఉన్నావు?" 

బోసుబాబు గాజున్న చేతిని వెనక్కి దాచుకున్నాడు.

"నాకేమండీ మేడమ్, బానే ఉన్నాను."